వెనకవైపు ఫోటో

మిషను ఆరో తలకి నూనెచుక్క వేసి, కారినంతమేర పాతగుడ్డతో తుడిచి, సూది మొనని వేలితో ఒకసారి తడిమి చూసుకుంది దారాలక్క. మొద్దుబారలేదు. మొద్దుబారడానికి అసలు ఆడితే కదా! ఎంబ్రాయిడరీ మిషను మూగబోయి వారాలు గడిచిపోయాయి. అయినా పొద్దున్నే రావడం, మీద కప్పిన దుప్పటి తియ్యడం, ఎక్కడినుంచి వచ్చి పడుతుందో తెలియని నూగుని బ్రష్షుతో దులపడం, తలతలకీ నూనె, సూదిసూదికీ దారం, వీటిలో ఏదీ ఆమె మానలేదు. ఇవాళైతే ఇంకాస్త ఎక్కువ శ్రద్ధగా చేసింది. ఇవాళ లాప్‌టాప్ వస్తోంది.

"ఎందుకక్కా దానికి రోజూ ఈ సేవలు? మీ ఆయనకి ఎప్పుడైనా ఇంత చేశావా?" అంది కత్తెర, గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ.

"మా ఆయనకి నూనె అక్కర్లేదే. నోరు దానంతటదే ఆడుతుంది."

కత్తెర పకపకా నవ్వింది. బ్యాడ్జీల అంచుల్లో మిగిలిపోయిన దారప్పోగులు కత్తిరించడం ఆ పిల్ల ఉద్యోగం. మెడలో రిబ్బనుకి కట్టిన చిన్న కత్తెర ఎప్పుడూ ఊగుతూ ఉంటుంది. ఆ పేరు మాత్రం దానివల్ల వచ్చింది కాదని, నాలుకని బట్టి వచ్చిందని షాపులో అందరికీ తెలుసు. దారాలక్క పేరు వెనక అంత కథ లేదు. ఏ రంగు దారం ఏ డబ్బాలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు, అంతే. ఆ పేరు వచ్చాక అసలు పేరు పిలిచేవాళ్ళు కరువైపోయారు. బడిపిల్లల చొక్కా జేబులమీద, డాక్టర్ల తెల్లకోట్లమీద, హోటలు తువ్వాళ్ళమీద రోజంతా ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ కుట్టించే మనిషికి తన పేరు గురించి ఆలోచించే తీరికా ఉండేది కాదు.

ముందుగదిలో కౌంటరు, అద్దాల బీరువాలు, యూనిఫాముల దొంతరలు. వెనకగదిలో ఈ మిషను. ఒక గోడని పూర్తిగా ఆక్రమించేసింది. ఆరు తలలు వరసగా వంగి, ఆరుగురు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుని తల దించుకుని కుట్టుకుంటున్నట్టు ఉంటాయి. ఒక తల ఏ అక్షరం కుడితే మిగతా ఐదూ అదే అక్షరం, అదే క్షణంలో కుడతాయి. ఆడుతున్నప్పుడు దాని చప్పుడు రేకులమీద వాన దంచినట్టు ఉండేది. ఆ చప్పుడులోంచే ఆమెకి అన్నీ వినిపించేవి. దారం సగం తెగిందని, కింద బాబినులో దారం అయిపోవచ్చిందని, మూడో తల ఎందుకో అలిగిందని. ఆ చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ గొంతు పెద్దదైపోయింది. ఇంటికెళ్ళి మంచినీళ్ళు అడిగినా కేకేసినట్టే ఉండేది. ఆమె భర్త బస్సు కండక్టరుగా చేసి మానేసినవాడు. "ఎందుకే అంత అరుపు, నేనేమైనా వెనక సీట్లో కూర్చున్నానా?" అనేవాడు.

దారాలక్క ఈ షాపులో చేరింది ఇప్పుడు కత్తెర చేస్తున్న పనికే. కొత్తగా పెళ్ళై, కాలక్షేపంగా కొన్నాళ్ళు చేద్దామని వచ్చింది. అప్పుడు షాపు నడిపేది పెద్దాయన. ఎక్కడో మూతపడిన ఫ్యాక్టరీలోంచి ఈ మిషను కొనుక్కొచ్చి, లారీలోంచి దింపించి, "ఇది నేర్చుకునేదెవరు?" అని అడిగితే ఉన్న కుట్టుపనివాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నక్కారు. దారాలక్కకి నక్కడానికి ఎవరి వీపూ దొరకలేదు. అలా ముందు నిలబడిపోయింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా అక్కడే నిలబడి ఉంది. పెద్దాయన పోయాడు. ఆయన కుర్చీలోకి అల్లుడు వచ్చాడు. మామగారు పోయి ఇన్నేళ్ళైనా అందరికీ ఆయన అల్లుడుగారే. బిల్లు పుస్తకాలు అమ్మే కుర్రాడు కూడా "అల్లుడుగారు ఉన్నారాండీ?" అనే అడుగుతాడు.

మిషను పక్కన ఇనుప స్టూలుమీద, ఇప్పుడు ఖాళీగా ఉన్నచోట, లాప్‌టాప్ ఉండేది. బూడిద రంగుది, ఇటికంత మందం. మూత తెరిచేచోట ఆమె బొటనవేలు తగిలీ తగిలీ రంగు పోయి తెల్లబడింది. పేరైనా, పువ్వైనా, బడి గుర్తైనా అందులోంచి తీగగుండా మిషనులోకి వెళ్ళాల్సిందే. అది చెప్పకపోతే ఈ ఆరు తలలూ ఒక్క చుక్క కూడా కుట్టవు. ఒకరోజు పొద్దున్న బటన్ నొక్కితే వెలగలేదు. ఇంకోసారి నొక్కింది. మూత వేసి, కాసేపు ఆగి, బుజ్జగించినట్టు మెల్లగా తెరిచి నొక్కింది. లేదు.

వీధిచివర కంప్యూటర్లు బాగుచేసే అతన్ని అందరూ డాక్టరు అంటారు. అతనొచ్చి, అడుగు విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "బోర్డు కాలిపోయిందక్కా, ఇక దీని పని అయిపోయింది" అన్నాడు. తరవాత లాప్‌టాప్ వెనక చెయ్యి పెట్టి అగ్గిపెట్టెంత నల్లటి బిళ్ళనొకదాన్ని పట్టుకుని లాగాడు. అది ఊడి చేతిలోకి వచ్చేసింది. దారాలక్క అదిరిపడింది.

"అయ్యో, విరగ్గొట్టావా?"

"విరగడమేంటక్కా, ఇది తీసేదే. ఎప్పుడూ తియ్యలేదా?"

"తీస్తే వస్తుందని ఎవరికి తెలుసు? అది దాని ఒంట్లోదే అనుకున్నా."

అది తాళంచెవిట. అది వెనక గుచ్చి ఉంటేనే ఎంబ్రాయిడరీ ప్రోగ్రాం తెరుచుకుంటుందిట. ఆ ప్రోగ్రాం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి ఇంకోటి కొందామన్నా దొరకదుట. "ప్రోగ్రాం డిస్కు మీ దగ్గరుంది, తాళం ఉంది. ఇక కావాల్సింది సరిగ్గా ఇలాంటి పాత లాప్‌టాప్. ఇదే కంపెనీ, ఇదే మోడల్" అని చెప్పి, బ్యాడ్జీల కింద వేసే కాగితం ముక్కమీద మోడల్ రాసిచ్చి వెళ్ళిపోయాడు.

అల్లుడుగారు చెడ్డమనిషి కాదు. ఎంత తిరిగాడో పాపం! పాత సామాన్ల వీధులన్నీ గాలించాడు. చూపించిన ప్రతివాడూ నవ్వి, "మ్యూజియంలో అడగండి సార్" అన్నవాడే. చివరికి ఫోన్లో వెతగ్గా వెతగ్గా ఎక్కడో పరాయిదేశంలో ఒకాయన దొరికాడు. ఆయన వ్యాపారమే పాత లాప్‌టాపులు. గది నిండా అరలు, అరల నిండా అవే. "ఇంకెవరికీ అక్కర్లేనివి నా దగ్గర ఉంటాయి" అని రాసుకున్నాడు. ఆ దేశం భాషని ఫోనే మన భాషలోకి మార్చి చూపిస్తుంటే ఆ వాక్యం చదివి దారాలక్కకి ఆ మనిషిమీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది.

"ఇదేనా అక్కా? చూడు సరిగ్గా" అని అల్లుడుగారు ఫోన్ ఆమె ముఖం దగ్గర పెట్టాడు. బూడిద రంగు మూత. మధ్యలో అదే గుర్తు. "అదే బాబూ! అదే, అదే" అంది. తప్పిపోయిన మనిషి ఫోటో చూసినట్టు కళ్ళు చెమర్చాయి కూడా.

అది బయల్దేరింది. ఓడ ఎక్కిందో, విమానం ఎక్కిందో, కస్టమ్స్‌వాళ్ళ దగ్గర ఎందుకో ఆగిపోయింది. ఆగి, కదిలి, మళ్ళీ ఆగింది. ఈలోపు వెనకగదిలో అరలు కట్టించి రెడీమేడు సరుకు పెట్టాలని అల్లుడుగారి భార్య పట్టుబట్టింది. పెద్దాయన కూతురు కాబట్టి ఆవిణ్ని షాపులో ఇప్పటికీ అమ్మాయి అంటారు. ఆవిడ అడిగినదాంట్లోనూ తప్పులేదు, ఆడని మిషను గదంతా పరుచుకుని కూర్చుంటే ఎంతకాలమని! ఇనుపసామాను కొనేవాళ్ళని రెండుసార్లు రమ్మని, రెండుసార్లూ వద్దన్నారు. ఇక మూడోసారి వద్దంటే వాళ్ళు రారు.

నిన్న సాయంత్రం అల్లుడుగారు చెప్పేశాడు. "రేపు పార్సిల్ వచ్చేస్తుందక్కా. మిషను ఆడిందా, ఇనుపవాళ్ళకి అక్కడికక్కడే ఫోన్ చేసి రావద్దంటాను. ఆడలేదనుకో, ఇక నా చేతుల్లో కూడా లేదు. సాయంత్రం వాళ్ళ బండి వస్తుంది."

"ఎందుకాడదు బాబూ?" అంది దారాలక్క. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే ముందుగదిలో చొక్కా కొలుచుకుంటున్నాయన తిరిగి చూశాడు.

పార్సిల్ వచ్చేసరికి పొద్దెక్కింది. తెచ్చినతను కౌంటరుమీద పెట్టి సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. అట్టపెట్టె మీద తెలియని అక్షరాలు, నాలుగైదు ముద్రలు, ఒక మూల సొట్ట. దారాలక్క ఆ సొట్టని వేలితో తడిమి చూసింది. అల్లుడుగారు బ్లేడు తెచ్చాడు. అమ్మాయి కూడా లోపల్నుంచి వచ్చి నిలబడింది. కత్తెర మాత్రం, "ఆగండి, కోసే పని నాది" అని మెడలో కత్తెర తీసి టేపు కోసేసింది.

ఎంత బాగా సర్దాడు ఆ మనిషి! ముందు నలిపిన న్యూస్‌పేపర్లు, తరవాత గాలిబుడగల కవరు, దానిలోపల మెత్తటి నురగ, దానిలోపల ఎవరిదో పాత ఉన్ని మఫ్లరు చుట్టి, అందులో లాప్‌టాప్. పైన ఒక చిన్న కార్డు. దానిమీద పెన్నుతో గీసిన నవ్వు ముఖం. పక్కన బంగారు కాగితంలో ఒక చాక్లెట్.

"అక్కా, వీడెవడో బంగారంలాంటి మనిషి. పెళ్ళైందో లేదో అడగండి" అంది కత్తెర చాక్లెట్ విప్పుతూ.

"ఫోటోలో గది నిండా లాప్‌టాపులే ఉన్నాయి. పెళ్ళాం ఉంటే ఒక్కటి ఉండనిచ్చేదా?" అన్నాడు అల్లుడుగారు. అమ్మాయి ఆయన్ని ఒక చూపు చూసింది. అందరూ నవ్వారు. దారాలక్క కూడా నవ్వింది. చాలా రోజుల తరవాత ఆ గదిలో నలుగురి నవ్వు ఒకేసారి వినిపించింది.

లాప్‌టాప్‌ని రెండు చేతుల్తో ఎత్తి, వెనకగదిలోకి తెచ్చి, ఇనుప స్టూలుమీద పెట్టింది. కొంచెం తేలిగ్గా అనిపించింది. పాతది మోసీ మోసీ చేతులకి అలవాటైపోయిందేమో అనుకుంది. మూత తెరిచి బటన్ నొక్కింది. చిన్న దీపం వెలిగింది. తెర నీలంగా, తెల్లగా, మళ్ళీ నీలంగా మారి, ఏదో ఊరి కొండల ఫోటో చూపించింది. కత్తెర ఈలేసింది. అల్లుడుగారు చేతులు రెండూ నడుంమీద పెట్టుకుని, ఇల్లు కట్టి నిలబెట్టినవాడిలా చూశాడు.

"డాక్టర్ని పిలవండి బాబూ" అంది దారాలక్క. అంటూనే ఒక రింగులో గుడ్డ బిగించడం మొదలుపెట్టింది. మొదట ఏం కుట్టించాలో కూడా ఎప్పుడో అనుకుని ఉంచుకుంది. ఆస్పత్రివాళ్ళ తెల్లకోట్ల పెట్టెలు బల్లకింద అలాగే ఉన్నాయి. నీలం దారం, చేతిరాతలా వంగిన అక్షరాలు. ఆరు రింగులూ బిగించి, తలల కింద అమర్చి, పక్కన నిలబడింది.

డాక్టరు ఈలపాట పాడుకుంటూ వచ్చాడు. డిస్కు పెట్టాడు. ప్రోగ్రాం ఎక్కించాడు. తన దగ్గరే దాచి ఉంచిన నల్లబిళ్ళని జేబులోంచి తీశాడు. చూడకుండానే లాప్‌టాప్ వెనక పెట్టబోయాడు. తగల్లేదు. ఇంకాస్త పక్కకి జరిపాడు. అప్పుడు ఈలపాట ఆగింది. లాప్‌టాప్‌ని తిప్పి చూశాడు. ఆ పక్కా, ఈ పక్కా చూశాడు. బోర్లించి చూశాడు.

"సార్, ఇది ఏ సంవత్సరంది?"

"మన పాతదాని తరవాతి సంవత్సరందే. ఇంకా కొత్తది" అన్నాడు అల్లుడుగారు. అలా అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఇంకా సంతోషమే ఉంది. "అదే మోడల్, అదే కంపెనీ. ఆయన దగ్గర రెండున్నాయి. రెండూ ఒకటే రేటు. ఒకటి పాతది, ఇంకోటి కొంచెం కొత్తది. ఒకే రేటుకి పాతది ఎవరు తీసుకుంటారు?"

ఆయన అంతే. పాల ప్యాకెట్ తీసుకున్నా ముందు వరసలోది తీసుకోడు, చెయ్యి పోనిచ్చి వెనక వరసలోంచి తాజాది లాగుతాడు. బిస్కట్లైనా, బల్బైనా, తయారీ తేదీ చూడందే జేబులో చెయ్యి పెట్టడు. కొనడంలో ఆయన ఎప్పుడూ మోసపోలేదు. ఇప్పుడూ మోసపోలేదు.

"ఈ వెడల్పాటి సాకెట్ తీసేశారు సార్ ఆ సంవత్సరం నుంచి" అన్నాడు డాక్టరు మెల్లగా. "సన్నగా చెయ్యడానికి."

 దారాలక్క ముందుకొచ్చి లాప్‌టాప్ వెనకవైపు చూసింది. నున్నగా ఉంది. పాతదానికి బిళ్ళ గుచ్చి ఉండే చోట దీనికి గీతలు గీతలుగా గాలి వచ్చే సందులు ఉన్నాయి. చూపుడువేలితో ఆ గీతలమీద రాసింది, అక్కడెక్కడో మూత ఉండి తెరుచుకుంటుందేమో అన్నట్టు.

"నువ్వు సాకెట్ సంగతి చెప్పలేదు కదయ్యా!" అన్నాడు అల్లుడుగారు.

"ఇదే మోడల్ అని రాసిచ్చాను కదండీ. అది ఉంటుందనే అనుకుంటాం కదా."

"అక్కకి కూడా చూపించాను. అదే అంది."

"అన్నాను బాబూ" అంది దారాలక్క. "మూత చూసి అన్నాను."

అల్లుడుగారు ఫోన్ తీసి ఆ పేజీ మళ్ళీ తెరిచాడు. మూత ఫోటో. వేలితో పక్కకి జరిపితే కీబోర్డు ఫోటో. ఇంకా జరిపితే తెర. ఇంకా జరిపితే అడుగు. చివరాఖర్న వెనకవైపు ఫోటో. వెలుతురు పడేట్టు పెట్టి, శ్రద్ధగా తీసింది. గీతలు గీతలుగా గాలి సందులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అమ్మినాయన ఏదీ దాచలేదు. అందాకా జరిపి చూసినవాళ్ళే లేరు.

డాక్టరు తన షాపుకి పరిగెత్తి ఒక తీగ తెచ్చాడు. ఒకవైపు చిన్న మూతి, ఇంకోవైపు వెడల్పాటి సాకెట్. "ప్రింటర్లైతే దీంతో మోసపోతాయి. చూద్దాం" అన్నాడు. నల్లబిళ్ళ దానికి గుచ్చాడు. ప్రోగ్రాం నొక్కాడు. తెరమీద చిన్న డబ్బా వచ్చి తాళం కనబడలేదంది. తీసి, ఇంకో పక్క గుచ్చి, నొక్కాడు. అదే డబ్బా. ఆపి, మళ్ళీ ఆన్ చేసి, ఏవేవో మార్చి, చెమట తుడుచుకుని నొక్కాడు. ప్రతిసారీ డబ్బా రాబోయే ముందు తెర ఒక్క క్షణం తెల్లగా అయ్యేది. ఆ క్షణంలో దారాలక్క చెయ్యి మిషను స్టార్టు బటన్ మీదికి వెళ్ళేది. డబ్బా రాగానే దిగిపోయేది. కత్తెర అది చూడలేక బయటికి వెళ్ళిపోయింది.

"రెండోది, ఆ పాతది, ఇంకా ఉందేమో అడగండి" అంది అమ్మాయి. ఆవిడ గొంతులో నిజంగానే జాలి ఉంది. "అడిగి చూడండి. ఇంకొన్నాళ్ళు ఆగుదాం."

అల్లుడుగారు గబగబా టైపు చేశాడు. ఆ దేశంలో అప్పుడే తెల్లవారుతోందో ఏమో, జవాబు వెంటనే వచ్చింది. ఫోన్ దాన్ని మన భాషలోకి మార్చింది. అల్లుడుగారు పైకి చదివాడు.

"ప్రియమైన కొనుగోలుదారు, మీ పార్సిల్ క్షేమంగా చేరినందుకు నేను ఆనందిస్తున్నాను. ఆ పాతదాన్ని చాలాకాలం ఉంచాను. ఎవరూ అడగలేదు. మీరు కూడా కొత్తదే ఎంచుకున్నారు కాబట్టి, ఇక ఎవరికీ అవసరం లేదని దాన్ని విప్పి భాగాలుగా అమ్మేశాను. అలాంటిది మరొకటి నా దగ్గరకి వస్తుందని అనుకోను. ఇది బాగా పనిచేస్తోందా? దయచేసి ఐదు నక్షత్రాలు ఇవ్వండి."

ఎవరిని తిట్టాలో తెలిస్తే బాగుండేది. దారాలక్క ఆ మనిషిని తిట్టుకోడానికి ప్రయత్నించింది, మఫ్లరు గుర్తొచ్చింది. అల్లుడుగారివైపు చూసింది, ఆయన కుర్చీలో ముందుకి వంగి, తలకాయ రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. డాక్టరు తీగ చుట్టుకుంటూ, "డబ్బులేం వద్దులే సార్" అని ఎవరూ అడక్కుండానే అన్నాడు. నల్లబిళ్ళని దారాలక్క అరచేతిలో పెట్టి, గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవబోతుంటే ఫోన్ మోగింది. ఇంటినుంచి.

"బండి వచ్చిందా?" అన్నాడు భర్త, పార్సిల్ సంగతి కూడా తన బస్సు భాషలోనే.

"వచ్చింది."

"ఎక్కావా?"

"లేదు."

 "ఏమైంది?"

"వేరే రూటు బండి."

"సరేలే. ఇంకో బండి వస్తుందిలే వెనక."

"రాదండీ. అదే ఆఖరిది."

కండక్టరు పని చేసినన్నాళ్ళూ ఆఖరి బస్సు తప్పిపోయినవాళ్ళని ఆయన చాలామందిని చూశాడు. వాళ్ళతో ఏం మాట్లాడాలో అప్పుడూ తెలియలేదు. "అన్నం తిన్నావా?" అన్నాడు చివరికి.

"తింటున్నా" అంది, డబ్బా మూత పెట్టేస్తూ.

మధ్యాహ్నం తరవాత షాపు మామూలుగానే నడిచింది. అదే ఆమెకి వింతగా అనిపించింది. ఒకావిడ పిల్లాడికి నిక్కరు కొనడానికొచ్చి, రంగు పోతుందా అని పదిసార్లు అడిగింది. అల్లుడుగారు ఎవరికో ఫోన్ చేస్తే ఒక వ్యాన్ వచ్చింది, బల్లకింది తెల్లకోట్ల పెట్టెలన్నీ తీసుకెళ్ళింది. వేరే వీధిలో కొత్త మిషనుందిట, వేలితో తాకితే చాలుట, సాయంత్రానికల్లా కుట్టి పంపేస్తారుట. అమ్మాయి కొత్త లాప్‌టాప్‌ని కౌంటరుమీదికి మార్చుకుంది. బిల్లులు కొట్టడానికి అది భేషుగ్గా ఉందిట. వాళ్ళకి పనికొచ్చింది, నిజమే. పనిచెయ్యని వస్తువు కాదది. అల్లుడుగారు కాసేపు తటపటాయించి, ఫోన్ తీసి, ఆ మనిషికి ఐదు నక్షత్రాలూ ఇచ్చేశాడు. దారాలక్క చూసింది. తనైనా అదే చేసేది.

తరవాత ఆమె వెనకగదిలోకి వెళ్ళి, బిగించిన రింగులు ఆరూ తీసి, గుడ్డలు విప్పి, మడత పెట్టింది. సూదుల్లోంచి ఒక్కొక్క దారమే లాగి ఉండకి చుట్టింది. ఎరుపు, పసుపు, బడి ఆకుపచ్చ, ఆస్పత్రి నీలం. అన్ని తలలకీ అన్ని సూదులకీ పొద్దున్న ఎక్కించిన దారాలవి. ఎక్కించడానికి కళ్ళద్దాలు కావాలి కానీ తియ్యడానికి అక్కర్లేదు. కత్తెర వచ్చి పక్కన నిలబడి, "నేను చుడతా ఇవ్వక్కా" అంది. "వద్దులే, నువ్వు చిక్కు వేస్తావు" అంది దారాలక్క. ఆ పిల్ల మారుమాట అనకుండా అక్కడే నిలబడిపోవడం అదే మొదటిసారి.

ఎండ తగ్గాక ఇనుపవాళ్ళు వచ్చారు. నలుగురు. తాళ్ళు, గడ్డపారలు, ఇనుప గొట్టాలు తెచ్చారు. మిషనుని పూర్తిగా చూడనైనా చూడకుండా దాని బరువు అంచనా వేసుకుని, గుమ్మం వెడల్పు చూసుకున్నారు. పట్టదు. బల్ల విప్పాలి. బోల్టులు తుప్పుపట్టలేదని ఒకడు ఆశ్చర్యపోయాడు. "ఎవరమ్మా, నూనె వేసి పెట్టారు?" అన్నాడు మెచ్చుకోలుగా. దారాలక్క ఇనుప స్టూలుని దారిలోంచి పక్కకి జరిపింది.

బల్ల ఊడింది. తలలున్న దూలాన్ని అటిద్దరు, ఇటిద్దరు పట్టుకుని ఎత్తారు. ఒకడి చెయ్యి మూడో తల కింద సూదులు పట్టే కడ్డీమీద పడింది.

"ఆ కడ్డీ పట్టుకోకు బాబూ! వంగిపోతుంది!" అని అరిచింది దారాలక్క. గది దద్దరిల్లింది.

అతను ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. తరవాత ఆమెవైపు చూసి, మర్యాదగానే, పెద్దావిడకి చెప్పినట్టే చెప్పాడు. "వంగితే ఏంటమ్మా. ఎలాగూ కరిగించేదే కదా."

"అవును" అంది. "అవునులే."

అయినా అతను మళ్ళీ ఆ కడ్డీని పట్టుకోలేదు. పక్కన దూలం మీద పట్టుకుని, గుమ్మంలో గోడకి తగలకుండా, చంటిపిల్లని దాటించినట్టు దాటించాడు. వెనకే దారాలక్క రెండడుగులు వేసి, ముందుగదిలో ఆగిపోయింది. లారీలో అది దిగిన చప్పుడు వినిపించింది. ఆ ఒక్క చప్పుడులోంచీ ఆమెకి ఏమీ అర్థం కాలేదు.

వెనకగది ఒక్కసారిగా పెద్దదైపోయింది. అమ్మాయి టేపు పట్టుకుని గోడలు కొలవడానికి వచ్చి, దారాలక్క ఉండటం చూసి, టేపుని వీపు వెనక్కి పెట్టుకుని వెళ్ళిపోయింది. అల్లుడుగారు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, రేపట్నుంచి కౌంటర్లో కూర్చో. ఫ్యాను కింద. కవర్లు సర్దడం, అంతే పని. నీకు ఒళ్ళు కూడా నలగదు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. పొద్దున్న వేసిన నూనె ఇంకా గోళ్ళలో ఉంది.

"రానులే బాబూ."

"అదేంటక్కా! నేనేమైనా అన్నానా?"

"అయ్యో, నువ్వేమంటావు. నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు." ఇంకా ఏదైనా కారణం చెప్పాలేమో అనిపించి, కాసేపు వెతుక్కుంది. "కౌంటర్లో కూర్చుంటే వచ్చినవాళ్ళతో మాట్లాడాలి కదా. నాకు మెల్లగా మాట్లాడటం రాదు."

ఆయన ఇంకోసారి అడగబోయాడు. ముందుగదిలో ఎవరో రేటు అడుగుతున్నారు. వెళ్ళాడు.

కత్తెర ఆమె చేతిసంచి, అన్నం డబ్బా తెచ్చి ఇచ్చింది. డబ్బా బరువు తెలిసి ముఖంలోకి చూసింది. దారాలక్క ఆ పిల్ల చుబుకం పట్టుకుని ఒకసారి అటూ ఇటూ ఊపి వదిలేసింది. సంచి భుజానికి తగిలించుకుని, అలవాటుగా లైటు ఆపడానికి స్విచ్ దగ్గరికెళ్ళి, ఆగింది.

మిషను ఉన్నమేర నేల రంగే వేరుగా ఉంది. ఎన్నడూ ఎండ, అడుగు తగలని లేత రంగు. దాని అంచుల వెంట చీపురికి అందని రంగురంగుల నూగు. అన్నిటికంటే చివర, గోడవారగా, వెనక కాలు ఉన్నచోట నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క ఒకటి ఉంది. దారాల పెట్టె మూతలోంచి చింపింది. మిషను వచ్చిన మొదటివారంలో ఊగుతోందని ఆమె అంటే పెద్దాయనే వంగి పెట్టాడు. రేపు మంచి చెక్కముక్క కోయించి పెడదాం, ఇవాళ్టికి ఇది చాలులే అన్నాడు.

వంగి తీద్దామని చూసింది. నేలకి అంటుకుపోయి రాలేదు. గోటితో ఒక అంచు లేపి, చిరుగుతుంటే వదిలేసింది. లైటు ఆపకుండానే బయటికి నడిచింది. ఆమె వెళ్ళాక కూడా ఆ అట్టముక్క అక్కడే ఉంది. నూనె పీల్చి నల్లబడి, తోలులా గట్టిపడి, మధ్యలో ఇనుపకాలి గుండ్రటి అచ్చుతో, చిన్న గిన్నెలా గుంటపడి.